నైజీరియా మహిళల జట్టు ఆఫ్రికా కప్‌ను ఎన్నిసార్లు గెలిచింది? 9, 10, 11, 12లో ఏది రాయాలి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం నైజీరియా మహిళల ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్‌ల చరిత్రతో చార్ట్ తయారు చేస్తోంది. ఆ జట్టు ఆఫ్రికా కప్‌ను ఎన్నిసార్లు గెలిచిందని వెతికితే ఒకచోట 9, ఒకచోట 10, ఇంకోచోట 11, మరోచోట 12 అని ఉంది, ఏది రాయాలి? ఇది మొదటిది. సొంత ఖండంలో ఇన్నిసార్లు గెలిచిన జట్టు ప్రపంచ కప్‌లో 30 మ్యాచ్‌లు ఆడి 5 మాత్రమే గెలవడం ఏమిటి, ఇది నిజంగా గొప్ప జట్టేనా? ఇది రెండోది.

మొదటిదానికి సూటి జవాబు: 10 అని రాయమనండి. 1998, 2000, 2002, 2004, 2006, 2010, 2014, 2016, 2018 టోర్నీలు, ఆ తర్వాత 2025 జూలైలో మొరాకోలో గెలిచినది. మొత్తం పది. 1991, 1995లో గెలిచిన రెండింటిని కూడా కలిపేవాళ్లు 12 అంటారు. 2025కి ముందు రాసి, మళ్లీ ఎవరూ సరిచూడని పేజీల్లో ఇవే రెండు లెక్కలు 9గా, 11గా మిగిలిపోయాయి. కాబట్టి నాలుగు అంకెల వెనకా ఉన్నది ఒకే జట్టు, అవే మ్యాచ్‌లు. ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టారు, ఎప్పుడు ఆపారు అన్నదే తేడా.

రెండోదానికి జవాబు: అవును, గొప్ప జట్టే. కానీ గెలుపులు, ఓటములు కూడి చూస్తే ఆ సంగతి తెలియదు. ఒకే ప్రత్యర్థితో ఏళ్ల తరబడి స్కోరు ఎలా మారుతూ వచ్చిందో చూడాలి. కింద వివరంగా చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

నేను పత్రిక క్రీడల డెస్క్‌లో చాలా ఏళ్లు స్కోరు బాక్సులు, రికార్డుల పట్టికలు చూశాను. ఆఫ్రికా మహిళల ఫుట్‌బాల్ మీద ఇష్టంతో ఆ ఫలితాలను ఇప్పటికీ నా సొంత స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకుంటాను. మీరు అడిగిన "9 ఆ, 11 ఆ" అన్న ప్రశ్న డెస్క్‌కి పాఠకుల నుంచి కూడా వచ్చేది. అప్పుడు నేను చెప్పిన పద్ధతే ఇప్పుడూ చెబుతున్నాను: అంకెను కాదు, ముందు దాని కింద ఉన్న మ్యాచ్‌ల వరుసను తెరవండి.

1991, 1995ల సంగతి

1991 నాటికి ఆఫ్రికాలో మహిళలకంటూ ఖండస్థాయి టోర్నీ లేదు. ఆ ఏడాది నవంబర్‌లో చైనాలో ఫిఫా మొదటి మహిళల ప్రపంచ కప్ జరిగింది. ఆఫ్రికాకు ఒక్కటే చోటు. దానికోసం పెట్టిన క్వాలిఫయర్లు అవి. ఒక ఊళ్లో అందరూ చేరి ఆడింది కాదు, ఇంటా బయటా రెండేసి మ్యాచ్‌లు. పేర్లు ఇచ్చిన దేశాల్లో కొన్ని ఆడకుండానే తప్పుకున్నాయి. నిజంగా మైదానంలోకి దిగినవి నైజీరియా, ఘనా, గినీ, కామెరూన్ మాత్రమే. 1991 ఫిబ్రవరిలో ఘనాను 5-1తో ఓడించిన మ్యాచే నైజీరియా మహిళల జట్టు చరిత్రలో మొదటిది. చివరి పోరులో కామెరూన్‌ను రెండు మ్యాచ్‌లూ కలిపి 6-0తో ఓడించి చైనా వెళ్లింది. 1995 ప్రపంచ కప్‌కి కూడా ఇదే పద్ధతి. ఈసారి చివరి పోరులో దక్షిణాఫ్రికా మీద రెండు మ్యాచ్‌లూ కలిపి 11-2.

ఆతిథ్య దేశం, గ్రూపులు, సెమీస్, ఫైనల్ ఉన్న అసలైన టోర్నీ 1998లో నైజీరియాలోనే మొదలైంది. తర్వాత కొన్ని రికార్డు పట్టికలు 1991, 1995 క్వాలిఫయర్లను కూడా మొదటి రెండు చాంపియన్‌షిప్‌లుగా వెనక్కి వెళ్లి చేర్చాయి. అది పూర్తిగా అన్యాయమని నేననను, ఆ ఏళ్లలో ఆఫ్రికాలో అంతకంటే పెద్ద పోటీ లేదు కదా. అయినా 10కే నా ఓటు. దీనికి బలమైన కారణం ఒకటుంది. 2025లో మొరాకో వెళ్లేటప్పుడు నైజీరియా జట్టు తన లక్ష్యానికి పెట్టుకున్న పేరు "మిషన్ టెన్". ఆడేవాళ్లే పదో కప్పు కోసం వెళుతున్నామని చెప్పుకున్నప్పుడు మనం వేరే లెక్క పెట్టనక్కర్లేదు.

చార్ట్‌లో 1991, 1995 వరుసలను తీసేయమని మాత్రం చెప్పను. వేరే రంగులో పెట్టి పక్కన "క్వాలిఫయర్" అని రాస్తే చాలు, చూసినవాళ్లకు 12 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అర్థమవుతుంది.

ఫలితాలు రాసేటప్పుడు తడబడే చోట్లు

మొదటిది ఏడాది. 2020 టోర్నీ కొవిడ్ వల్ల రద్దయింది. "2024 ఆఫ్రికా కప్" అని పేరున్నది నిజంగా జరిగింది 2025 జూలైలో. పేరు ప్రకారం 2024లో వెతికితే ఆ మ్యాచ్‌లు దొరకవు. తేదీల ప్రకారం 2025లో రాస్తే టోర్నీల పట్టికతో కలవదు. రెండూ రాసుకోవడం మంచిది: టోర్నీ పేరులో 2024, మ్యాచ్ తేదీలో 2025.

రెండోది పెనాల్టీ షూటౌట్. దీని దగ్గర చాలామంది పొరబడతారు. షూటౌట్‌లో గెలిచినా ఓడినా మ్యాచ్ రికార్డులో అది డ్రానే. మన క్రికెట్‌లో సూపర్ ఓవర్‌తో తేలిన మ్యాచ్ రికార్డులో టై అని ఉంటుంది చూడండి, అలాగే. 2018లో ఘనాలో జరిగిన కప్‌ను నైజీరియా గెలిచింది. కానీ సెమీఫైనల్ కామెరూన్‌తో 0-0, ఫైనల్ దక్షిణాఫ్రికాతో 0-0. రెండూ షూటౌట్‌లో నెగ్గినవే, 4-2తో ఒకటి, 4-3తో ఇంకొకటి. అంటే కప్పు ఎత్తిన జట్టు చివరి రెండు మ్యాచ్‌లూ లెక్క ప్రకారం డ్రాలు. పైగా గ్రూపు దశలో అదే దక్షిణాఫ్రికా చేతిలో 0-1తో ఓడింది. గెలుపుల గడి మాత్రమే చూసేవాళ్లకు ఈ టోర్నీ సరిగా కనిపించదు.

మూడోది సగంలో ఆగిన మ్యాచ్. 2000 ఫైనల్ దక్షిణాఫ్రికాలో, దక్షిణాఫ్రికాతోనే. రెండో సగంలో నైజీరియా 2-0తో ముందున్నప్పుడు ప్రేక్షకుల గొడవ వల్ల ఆట ఆగిపోయింది, మళ్లీ మొదలుకాలేదు. ఫలితం 2-0గానే నిలిచింది. పక్కన ఒక చుక్క గుర్తు పెట్టి కింద ఈ మాట రాస్తే చార్ట్ చూసే టీచర్ కూడా సంతోషిస్తారు.

నాలుగోది వయసు జట్లు. 2019 ఆఫ్రికా క్రీడల్లో నైజీరియా మహిళలు స్వర్ణం గెలిచారని చదువుతారు. నిజమే, కానీ అక్కడ ఆడింది అండర్-20 జట్టు. 2022లో మన దేశంలో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో నైజీరియా అమ్మాయిలు మూడో స్థానం సాధించారు. నవీ ముంబైలో జర్మనీతో ఆడి, షూటౌట్‌లో గెలిచి కాంస్యం తీసుకెళ్లారు. మనవాళ్లలో చాలామంది ఈ దేశపు అమ్మాయిల ఆటను మొదటిసారి శ్రద్ధగా చూసింది అప్పుడే అనుకుంటాను. ఇవన్నీ గర్వపడాల్సినవే, కానీ సీనియర్ జట్టు ఖాతాలోకి రావు.

ఇక ప్రపంచ కప్

1991 నుంచి 2023 దాకా జరిగిన తొమ్మిది మహిళల ప్రపంచ కప్‌లలోనూ ఆడిన దేశాలు ఏడే: అమెరికా, జర్మనీ, జపాన్, బ్రెజిల్, నార్వే, స్వీడన్, నైజీరియా. ఈ ఏడింటిలో ఆఫ్రికా నుంచి ఉన్నది ఒక్క నైజీరియా. మీరు చెప్పిన 30 మ్యాచ్‌ల లెక్క కరెక్టే. 5 గెలుపులు, 6 డ్రాలు, 19 ఓటములు. చేసిన గోల్స్ 23, ఇచ్చినవి 65.

ఈ వరుస చూసి నిరాశపడే ముందు ఎవరితో ఆడారో చూడండి. 2003లో నైజీరియా గ్రూపులో అమెరికా, స్వీడన్, ఉత్తర కొరియా. ఆశ్చర్యం ఏమిటంటే 2007లో కూడా సరిగ్గా అవే మూడు జట్లు. రికార్డులు చూసేవాళ్లకు ఇలాంటి అవకాశం అరుదుగా దొరుకుతుంది, నాలుగేళ్ల తేడాతో ఒకే పరీక్ష రెండుసార్లు. 2003లో ఉత్తర కొరియాతో 0-3, స్వీడన్‌తో 0-3, అమెరికాతో 0-5. మొత్తం 11 గోల్స్ ఇచ్చి ఒక్కటీ చేయలేదు. 2007లో స్వీడన్‌తో 1-1, ఉత్తర కొరియాతో 0-2, అమెరికాతో 0-1. ఇచ్చినవి నాలుగు. రెండుసార్లూ గ్రూపులో ఆఖరి స్థానమే, రెండుసార్లూ ఇంటికే. "గ్రూపు దశలో నిష్క్రమణ" అని రెండు గడుల్లో ఒకే మాట రాస్తాం. కానీ ఆ రెండూ ఒకటేనా?

అమెరికాతో ప్రపంచ కప్ స్కోర్లను వరుసగా రాయించండి. 1999లో 1-7. 2003లో 0-5. 2007లో 0-1. 2015లో 0-1. నాలుగూ ఓటములే. స్వీడన్‌తో చూడండి, ఇందులో ఒలింపిక్స్ కూడా కలుపుతున్నాను: 2003లో 0-3, 2004 ఏథెన్స్‌లో 1-2, 2007లో 1-1, 2015లో 3-3. ఆ చివరి మ్యాచ్ కెనడాలోని విన్నిపెగ్‌లో జరిగింది. రెండు గోల్స్ వెనకబడి, వెనక నుంచి వచ్చి సమం చేశారు. అప్పటికి 20 ఏళ్లున్న అసిసత్ ఒషోలా అందులో ఒక గోల్ చేసింది. ఆ అమ్మాయే తర్వాత ఆఫ్రికా ఉత్తమ క్రీడాకారిణి అవార్డును ఆరుసార్లు అందుకుంది.

నా దృష్టిలో ఈ జట్టు చరిత్రను చెప్పేవి ఈ వరుసలే. పది కప్పుల కన్నా ఎక్కువ చెబుతాయి.

1991 దగ్గరకు ఒకసారి వెనక్కి వెళదాం. ఆ మొదటి ప్రపంచ కప్‌లో జర్మనీతో 0-4, ఇటలీతో 0-1, చైనీస్ తైపీ (తైవాన్)తో 0-2. మూడో మ్యాచ్‌లో తైపీ గోల్‌కీపర్‌ను ఆరో నిమిషంలోనే రెడ్ కార్డుతో బయటికి పంపారు. మహిళల ప్రపంచ కప్‌లో అదే మొదటి రెడ్ కార్డు. మిగిలిన ఆటంతా పదిమందితో ఆడిన జట్టు మీద నైజీరియా ఒక్క గోల్ చేయలేకపోయింది, పైగా రెండు ఇచ్చింది. 1995లో స్వీడన్‌లో నార్వేతో 0-8. ఆ నార్వేనే ఆ ఏడాది కప్పు గెలిచింది. కానీ అదే టోర్నీలో కెనడాతో 3-3, ఇంగ్లండ్‌తో 2-3. ఒక్క వారంలో 0-8 నుంచి 2-3 దాకా రాగలిగిన జట్టు అది. 0-8 ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పేవాళ్లు తర్వాతి రెండు మ్యాచ్‌లను వదిలేస్తున్నారు.

1999 గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. అమెరికాలో జరిగిన ఆ ప్రపంచ కప్‌లో నైజీరియా మొదట ఉత్తర కొరియాను 2-1తో ఓడించింది. ప్రపంచ కప్‌లో ఆఫ్రికా మహిళల జట్టుకు అదే తొలి గెలుపు. తర్వాత షికాగోలో 65 వేలమంది ముందు ఆతిథ్య జట్టుతో మ్యాచ్. రెండో నిమిషంలోనే నైజీరియా గోల్ కొట్టింది! స్టేడియం అంతా ఒక్కసారి నిశ్శబ్దం. ఆ తర్వాత ఏడు ఇచ్చిందనుకోండి, 1-7. అంత దెబ్బ తిన్న జట్టు చివరి గ్రూపు మ్యాచ్‌లో డెన్మార్క్‌ను 2-0తో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కి వెళ్లింది. ఇప్పటికీ, అంటే 2023 వరకు, మహిళల ప్రపంచ కప్ క్వార్టర్స్ చేరిన ఆఫ్రికా జట్టు ఇదొక్కటే.

క్వార్టర్స్‌లో బ్రెజిల్. సగం సమయానికి 0-3. అక్కడితో కథ ముగిసిందని ఎవరైనా అనుకుంటారు. రెండో సగంలో ప్రిస్కా ఎమెయాఫు, న్కిరు ఒకొసియెమె, న్కెచి ఎగ్బె ఒకరి తర్వాత ఒకరు గోల్ చేసి 3-3 చేశారు. అదనపు సమయంలోకి వెళ్లింది. అప్పట్లో గోల్డెన్ గోల్ నిబంధన ఉండేది, అదనపు సమయంలో ఎవరు ముందు గోల్ చేస్తే ఆట అక్కడితో అయిపోతుంది. 104వ నిమిషంలో బ్రెజిల్ స్టార్ సిస్సీ ఫ్రీకిక్ నేరుగా గోల్‌లోకి వెళ్లింది. 3-4. పట్టికలో ఇది "ఓటమి" గడిలో ఉంటుంది. మీ అమ్మాయి ఈ జట్టు ఆడిన ఒక్క పాత మ్యాచ్ గురించి మాత్రమే చదవగలిగితే, ఇదే చదవమనండి.

ఖాళీ వరుసలు

మ్యాచ్‌ల జాబితాలో అందరూ స్కోర్లు చూస్తారు. నేను తేదీల మధ్య ఖాళీలు కూడా చూస్తాను. ఈ జట్టు విషయంలో ఆ ఖాళీలు చాలా చెబుతాయి.

2016 డిసెంబర్‌లో యావుండేలో, ఆతిథ్య కామెరూన్‌ను వాళ్ల సొంత ప్రేక్షకుల ముందు 1-0తో ఓడించి నైజీరియా కప్పు గెలిచింది. ఫైనల్ ముగియడానికి కొద్ది నిమిషాల ముందు డిజైర్ ఒపరనోజి చేసిన గోల్. ఇంటికి తిరిగొచ్చాక ఆ చాంపియన్లు అబూజాలో హోటల్ ఖాళీ చేయకుండా కూర్చున్నారు, పార్లమెంటు ముందు ప్లకార్డులు పట్టుకుని నడిచారు. కారణం, రావాల్సిన బోనస్‌లు, అలవెన్సులు రాకపోవడం. ఆ తర్వాత 2017 ఏడాది మొత్తం ఆ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆఫ్రికా చాంపియన్‌కి ఏడాదంతా ఖాళీ!

దాని ఫలితం 2018 ఏప్రిల్‌లో కనిపించింది. ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో ఫ్రెండ్లీ మ్యాచ్: ఫ్రాన్స్ 8, నైజీరియా 0. ఆ ఒక్క స్కోరు చూసి ఈ జట్టు స్థాయి ఇంతేనని రాసినవాళ్లను చూశాను. బాధేసింది. ఎందుకంటే క్రమంగా మ్యాచ్‌లు, శిబిరాలు దొరికాక, 2019 ప్రపంచ కప్‌లో అదే ఫ్రాన్స్‌తో, ఫ్రాన్స్ గడ్డ మీదే, రెన్స్‌లో ఆడినప్పుడు స్కోరు 0-1. ఆ ఒక్క గోల్ కూడా పెనాల్టీయే. వెండీ రెనార్ మొదట కొట్టింది పోస్టుకు తగిలి బయటికి పోయింది. గోల్‌కీపర్ లైన్ దాటి ముందుకు కదిలిందని మళ్లీ కొట్టించారు. ఆ గోల్‌కీపర్ చియమాకా న్నడోజీకి అప్పటికి 18 ఏళ్లు. 0-8కీ 0-1కీ మధ్య ఉన్నది పధ్నాలుగు నెలలు. అమ్మాయిల్లో ప్రతిభ పధ్నాలుగు నెలల్లో పుట్టుకురాదు. మ్యాచ్‌లు దొరికాయి, అంతే.

డబ్బు గొడవ 2016తో మొదలైందీ కాదు, ముగిసిందీ కాదు. 2004లో కప్పు గెలిచాక కూడా బోనస్‌ల కోసం దక్షిణాఫ్రికా హోటల్లో ఇలాగే కూర్చున్నారు. ఆ ఫైనల్లో కామెరూన్ మీద 5-0, అందులో నాలుగు పెర్పెచువా న్క్వోచావే. 2019 ప్రపంచ కప్ నుంచి బయటికొచ్చాక ఫ్రాన్స్‌లో మళ్లీ అదే. 2022లో మొరాకోలో మూడో స్థానం మ్యాచ్‌కు ముందు ప్రాక్టీసుకు వెళ్లడం మానేశారు, తర్వాత జాంబియా చేతిలో 0-1తో ఓడి నాలుగో స్థానంతో వెనక్కి వచ్చారు. ఇవేవీ స్కోరు పట్టికలో ఉండవు. చార్ట్‌లో కింద ఒక చిన్న గడి వీటికి ఇస్తే బాగుంటుంది. ఎనిమిదో తరగతి పిల్లకి ఇది అర్థం కాని విషయమేమీ కాదు.

ఆఫ్రికాలో ఆధిక్యం తగ్గిందా?

మీరు నేరుగా అడగలేదు గానీ, జాబితా చూస్తే ఈ సందేహం వస్తుంది. 1998లో నైజీరియా తన గడ్డ మీద మొరాకోను 8-0, ఈజిప్టును 6-0, డీఆర్ కాంగోను 6-0, సెమీస్‌లో కామెరూన్‌ను 6-0, ఫైనల్లో ఘనాను 2-0తో ఓడించింది. ఐదు మ్యాచ్‌ల్లో 28 గోల్స్, ఒక్కటీ ఇవ్వలేదు. మొదటి ఐదు టోర్నీలూ వరుసగా వాళ్లవే. ఆ వరుస 2008లో ఆగింది, సెమీస్‌లో ఆతిథ్య ఈక్వటోరియల్ గినీ చేతిలో 0-1. 2012లో సెమీస్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 0-1, మూడో స్థానం మ్యాచ్‌లో కామెరూన్ చేతిలో 0-1. 2022లో దక్షిణాఫ్రికా చేతిలో 1-2, తర్వాత మొరాకోతో సెమీస్. ఇద్దరు రెడ్ కార్డులతో వెళ్లిపోగా తొమ్మిదిమందితో అదనపు సమయం కూడా లాగి 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-5తో ఓడారు. కప్పు దక్షిణాఫ్రికాకు వెళ్లింది.

దీన్ని నైజీరియా పతనం అనడం నాకు నచ్చదు. 1998లో 0-8తో ఓడిన మొరాకో 2022లోనూ 2025లోనూ ఫైనల్ ఆడింది. 1995లో రెండు మ్యాచ్‌ల్లో 11 గోల్స్ ఇచ్చిన దక్షిణాఫ్రికా 2012 దాకా నైజీరియాను ఒక్కసారి కూడా ఓడించలేదు, ఇప్పుడు ఆ రెండు జట్ల మధ్య ఒక గోల్ తేడా రావడమే కష్టం. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫయర్లో అబూజాలో 1-0, ప్రిటోరియాలో 0-0. ఆ ఒక్క గోల్‌తో నైజీరియా 2008 తర్వాత మళ్లీ ఒలింపిక్స్‌కి వెళ్లింది. మధ్యలో 2012, 2016, 2020 మూడూ తప్పిపోయాయి. పారిస్‌లో బ్రెజిల్‌తో 0-1, స్పెయిన్‌తో 0-1, జపాన్‌తో 1-3. మూడూ ఓడారు. స్పెయిన్ అప్పటికి ప్రపంచ చాంపియన్ అని పక్కన రాయండి.

చుట్టూ ఉన్నవాళ్లు ఎదిగారు. అందువల్లే ఇటీవలి కప్పుకు నా లెక్కలో ఎక్కువ విలువ. 28-0తో గెలిచిన 1998 కన్నా 2025లో గెలిచింది పెద్ద గెలుపు.

2023 ప్రపంచ కప్‌ను ఇంకోసారి చూడమంటాను. ఒలింపిక్ చాంపియన్ కెనడాతో 0-0, క్రిస్టీన్ సింక్లెయిర్ పెనాల్టీని న్నడోజీ ఆపింది. బ్రిస్బేన్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియా మీద 3-2. ఐర్లండ్‌తో 0-0. రౌండ్ ఆఫ్ 16లో యూరప్ చాంపియన్ ఇంగ్లండ్‌తో 120 నిమిషాల తర్వాత కూడా 0-0, షూటౌట్‌లో 2-4. ముందు చెప్పిన షూటౌట్ నియమం ఇక్కడ వాడండి: ఒక గెలుపు, మూడు డ్రాలు, ఓటమి సున్నా. ఆ ప్రపంచ కప్‌లో నైజీరియా ఏ మ్యాచూ ఓడకుండా ఇంటికి వెళ్లింది. ఇచ్చిన గోల్స్ మొత్తం రెండే, రెండూ ఆస్ట్రేలియా మ్యాచ్‌లోనే.

చార్ట్ ఎలా గీయించాలి

అన్ని మ్యాచ్‌లూ రాయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ఫ్రెండ్లీల్లో మూసిన తలుపుల వెనక ఆడినవి, క్లబ్ జట్లతో ఆడినవి కలిసిపోతుంటాయి, అవి పిల్లలు విడదీయలేరు. ఆఫ్రికా కప్ సెమీస్, ఫైనల్స్, ప్రపంచ కప్, ఒలింపిక్స్ మ్యాచ్‌లు చాలు. ప్రతి వరుసలో తేదీ, ఊరు, ప్రత్యర్థి, 90 నిమిషాల స్కోరు, అదనపు సమయం ఉంటే ఆ స్కోరు, షూటౌట్ ఉంటే అది వేరే గడిలో. పక్కన ఇంకో గడి పెట్టి "ఇదే జట్టుతో ఇంతకుముందు" అని రాయించండి. ఆ గడి ఉంటేనే అమెరికా, స్వీడన్, దక్షిణాఫ్రికా వరుసలు కంటికి కనబడతాయి.

మొత్తాల గడి చివర వేయించండి, ముందు కాదు.

ఆఖరి వరుస 2025 జూలై 26, రబాత్, ప్రత్యర్థి మొరాకో. అంతకుముందు ఆ టోర్నీలో ట్యునీసియాపై 3-0, బోట్స్వానాపై 1-0, అల్జీరియాతో 0-0, క్వార్టర్స్‌లో జాంబియాపై 5-0, సెమీస్‌లో దక్షిణాఫ్రికాపై ఇంజరీ టైమ్‌లో మిషెల్ అలోజీ కొట్టిన బంతితో 2-1. ఫైనల్లో సగం సమయానికి 0-2 వెనక, నిండిన స్టేడియం అంతా ఎదుటి జట్టు వైపే. 64వ నిమిషంలో ఎస్తర్ ఒకొరొంక్వో పెనాల్టీ, 71లో ఆమె ఇచ్చిన పాస్‌తో ఫొలషాదె ఇజమిలుసి, 88లో మళ్లీ ఆమె పంపిన ఫ్రీకిక్‌కు జెన్నిఫర్ ఎచెగిని. 3-2. కోచ్ జస్టిన్ మదుగు, కెప్టెన్ రషీదత్ అజిబాదె, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. "ఇదే జట్టుతో ఇంతకుముందు" గడిలో 2022 సెమీస్, 1-1, షూటౌట్‌లో 4-5 అని రాయమనండి.

చార్ట్‌లో ఏదైనా స్కోరు దగ్గర సందేహం వస్తే ఇక్కడే అడగండి, నా పట్టికతో సరిచూసి చెబుతాను.